అభినందన్ వీరచక్ర గొడవలో అందరూ వదిలేసిన ఆ ఒక్క వాక్యం!

పాకిస్తాన్‌తో జరిగిన ఆకాశ పోరులో మన పైలట్ అభినందన్ చేతిలో వాళ్ల ఎఫ్-16 యుద్ధవిమానం కూలిందా, కూలలేదా? 2019 నుంచి ఇదే రచ్చ. మన వైమానిక దళం కూలిందంటుంది, పాకిస్తాన్ లేదంటుంది. అభినందన్ వర్ధమాన్‌కు యుద్ధ సాహసానికి ఇచ్చే వీరచక్ర ఇవ్వడం కరెక్టేనా అని ఇప్పటికీ కామెంట్లలో కొట్టుకుంటున్నారు. ఆ గొడవ కాసేపు పక్కన పెట్టండి. నేను అడిగేది ఒక్కటే. శత్రువు చేతిలో బందీగా ఉండి తల వంచనందుకు మన దేశంలో ప్రత్యేకంగా ఒక పతకం ఉందా? లేదు!

అభినందన్ వీరచక్ర ప్రశంసాపత్రం చదవండి. దాదాపు అంతా ఆకాశంలో జరిగిన పోరాటం గురించే. తన విమానం కూలి పాకిస్తాన్‌కు పట్టుబడ్డాక ధైర్యంగా, హుందాగా నిలబడ్డారన్న మాటకు దక్కింది ఒక్క వాక్యం. బందీగా ఉన్నప్పటి ఆ వీడియో మనందరం చూశాం కదా! ముఖం మీద రక్తం, కళ్లకు గంతలు. అయినా పేరు, సర్వీస్ నంబర్ చెప్పి, ఇక ఇంతకు మించి చెప్పనన్నారు. నా దృష్టిలో అసలు వీరచక్ర ఆ క్షణానికే ఇవ్వాలి.

కార్గిల్‌కు వద్దాం. 1999 మే 27న మన పైలట్ కంభంపాటి నచికేత నడుపుతున్న మిగ్-27 యుద్ధవిమానం ఇంజిన్ ఆగిపోయింది. బయటికి దూకారు, పట్టుబడ్డారు, దెబ్బలు తిన్నారు. ఆయన్ను వెతకడానికి వెళ్లిన మరో పైలట్ అజయ్ అహుజా తిరిగి రాలేదు. అహుజాకు మరణానంతరం వీరచక్ర ఇచ్చారు. వారం రోజులు నరకం చూసి వచ్చిన నచికేతకు అంతకంటే కింది స్థాయి వాయుసేనా మెడల్ ఇచ్చారు. వీరచక్ర ఎక్కడ, వాయుసేనా మెడల్ ఎక్కడ? ఇది నాకు మింగుడు పడదు.

ఇంకా వెనక్కి వెళ్తే మన పైలట్ దిలీప్ పరుల్కర్. 1971 యుద్ధంలో విమానం కూలి పట్టుబడ్డారు. 1972 ఆగస్టులో పాకిస్తాన్‌లోని రావల్పిండి యుద్ధఖైదీల క్యాంపు గోడకు కన్నం వేసి, ఇంకో ఇద్దరితో కలిసి పారిపోయారు. అఫ్గాన్ సరిహద్దు దగ్గర లండీ కోతల్ దాకా వెళ్లి, అక్కడ దొరికిపోయారు. స్వేచ్ఛ కొద్ది దూరంలో చేజారింది! మన స్కూలు పుస్తకాల్లో ఈ కథ ఎందుకు లేదు?

నా థియరీ చెప్తాను వినండి. పట్టుబడటం అంటే మనవాళ్లకు లోలోపల ఇంకా ఓటమే. అందుకే ఎవరూ నోరు విప్పరు. అమెరికా 1985లోనే యుద్ధఖైదీల కోసం పతకం పెట్టింది, 1917 నుంచి పట్టుబడిన వాళ్లకు కూడా వర్తించేలా. మన దగ్గర యుద్ధంలో గాయపడితే పరాక్రమ్ పదక్ ఇస్తారు. ఒంటికి తగిలిన గాయానికి పతకం ఉన్నప్పుడు, చెరలో గడిపిన రాత్రులకు ఎందుకు ఉండదు?

"లొంగిపోయిన వాళ్లకు మెడలా?" అంటారు కొందరు. అయ్యా, కాలిపోతున్న విమానంలోంచి దూకి శత్రువు నేల మీద పడటం లొంగిపోవడం కాదు! రక్షణ శాఖ ఈ పతకం పెట్టాలి, 1965 నుంచి పట్టుబడిన ప్రతి సైనికుడికీ ఇవ్వాలి. 1965, 1971 యుద్ధాల్లో పట్టుబడి ఇప్పుడు బతికి ఉన్నవాళ్లంతా పెద్దవాళ్లయిపోయారు. ఈ ఏడాదే పెట్టాలి.