ప్లాన్ సరిపోవడం లేదా? అడగండి

నమస్కారం. ఈరోజు ఆస్ట్రేలియాలో ఎన్‌డీఐఎస్, అంటే వైకల్యం ఉన్నవాళ్లకి సాయం కోసం ప్రభుత్వం డబ్బిచ్చే పథకం, దాని ప్లాన్ మీద ఆధారపడిన మన తెలుగు కుటుంబాలతో కాస్త మాట్లాడాలని ఉంది. ప్లాన్‌లో ఇచ్చిన డబ్బు సరిపోవడం లేదని తెలిసినా, ఇచ్చిందే గొప్ప, మళ్లీ అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకునే తల్లిదండ్రులు మనలో చాలామంది. దయచేసి ఊరుకోకండి, మార్చమని అడిగే హక్కు 2013 నాటి చట్టంలోనే ఉంది.

కాకపోతే ఏం అడుగుతున్నారో తెలిసి అడగాలి. ప్లాన్ వచ్చిన రోజే అన్యాయంగా ఉందనిపిస్తే దానికి ఇంటర్నల్ రివ్యూ ఉంది, అంటే ఎన్‌డీఐఎస్ నడిపే ఏజెన్సీనే ఆ నిర్ణయాన్ని మళ్లీ చూడమనడం, నిర్ణయం తెలిసిన 3 నెలల్లోపే అడగాలి, ఆ గడువు మాత్రం దాటనివ్వకండి. అక్కడా పని జరగకపోతే ఏజెన్సీకి బయట ఉండే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్‌కి, ఆ రివ్యూ ఫలితం తెలిసిన 28 రోజుల్లో వెళ్లొచ్చు. అలా కాకుండా, ప్లాన్ అప్పట్లో బాగానే ఉండి తర్వాత ఇంట్లో పరిస్థితి మారిందనుకోండి, ఎదిగిన కొడుకుని షవర్ కుర్చీలో కూర్చోబెట్టే అమ్మకి నడుము పట్టేసి ఇక ఎత్తలేకపోతోంది, అప్పుడు పరిస్థితి మారిందని ఏజెన్సీకి చెప్పాలి. డబ్బు ఎవరు చూసుకోవాలన్నదాని లాంటి చిన్న మార్పైతే వేరియేషన్‌తో, అంటే ప్లాన్‌లో ఆ ఒక్కటీ మార్చడంతో, సరిపోతుంది. పెద్దదైతే రీఅసెస్‌మెంట్, అందులో ప్లాన్ మొత్తం మళ్లీ తిరగేస్తారు కాబట్టి డబ్బు పెరగొచ్చు, తగ్గనూ వచ్చు. అందుకే కాగితాలు గట్టిగా లేకుండా అడగొద్దంటాను.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇంకోటి. ప్లాన్ మీటింగ్‌లో ఏజెన్సీవాళ్లు "బాబు ఎలా ఉన్నాడు?" అని అడగగానే "బాగానే ఉన్నాడండి, దేవుడి దయ" అంటాం. బిడ్డ గురించి నలుగురిలో తక్కువ చేసి చెప్పడానికి మనకి నోరు రాదు, అది ప్రేమే. కానీ అవతలివాళ్లు రాసుకునేది "బాగానే ఉన్నాడు" అనే. రాత్రి ఎన్నిసార్లు లేస్తాడో, అన్నం తినిపించడానికి ఎంతసేపు పడుతుందో, ఒంటరిగా వదిలితే ఏమవుతుందో ఒక వారం పాటు నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలడో చూసే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ రిపోర్ట్‌లో కూడా జబ్బు పేరొక్కటే ఉంటే చాలదు, దానివల్ల ఏ పని చేసుకోలేకపోతున్నాడో, ఏ సాయం ఎన్ని గంటలు కావాలో ఉండాలని అడిగి మరీ రాయించుకోండి.

ఇంగ్లీషులో ఇవన్నీ చెప్పలేమని టెన్షన్ పడకండి. ప్రభుత్వ ఇంటర్‌ప్రెటర్ సర్వీస్ నంబర్ 131 450కి ఫోన్ చేసి తెలుగు కావాలనండి, ఇంటర్‌ప్రెటర్‌ని లైన్‌లోకి తీసుకుని 1800 800 110కి, అంటే ఎన్‌డీఐఎస్‌కి, కలపమనండి.