పీటర్, కుందేలు, 12 అడుగుల దూరం

శ్రోతలకు నమస్కారం.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మీ అందరికీ తెలిసిందే. పాలు పోసి పిల్లిని పెంచమని రాయలవారు ఆవునిచ్చారు. రామకృష్ణుడు మొదటిరోజే సలసల కాగిన పాలు దాని ముందు పెట్టాడు. పిల్లి ఆత్రంగా మూతి పెట్టింది, చురుక్కున కాలింది. ఇక ఆ తర్వాత పాలగిన్నె కనబడితే చాలు, లగెత్తేది. కథ విని మనం రామకృష్ణుడి తెలివికి నవ్వుకుంటాం. నాకు మాత్రం ఎప్పుడూ ఆ పిల్లి మీదే జాలి. సరే, జరిగిందేదో జరిగింది, ఆ పిల్లిని మళ్ళీ పాల దగ్గరికి తీసుకురావడం ఎలా? కథలో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఈ రోజు నేను మాట్లాడబోయేది దాని గురించే.

పాలకూ నొప్పికీ ముడి పడింది. రెండు విషయాలు వెంటవెంటనే జరిగినప్పుడు ఇలాంటి ముడి పడుతుంది. ఆ తర్వాత మొదటిది కనబడగానే, రెండోది ఇంకా రాకముందే, ఒళ్ళు దానికి సిద్ధమైపోతుంది. మనస్తత్వశాస్త్రంలో దీన్ని కండిషనింగ్ అంటారు. రష్యాలో ఇవాన్ పావ్లోవ్ అనే శాస్త్రవేత్త కుక్కలకు తిండి పెట్టేముందు ఒక చప్పుడు వినిపిస్తూ వచ్చి, తర్వాత ఆ చప్పుడుకే వాటి నోట ఊరే లాలాజలాన్ని చుక్కలు లెక్కపెట్టి మరీ దీన్ని నిరూపించాడు. ఆ చప్పుడంటే అందరికీ గంటే గుర్తుంటుంది గానీ, ఆయన సంగీతంలో తాళానికి వాడే, టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ కూడా వాడాడు. ఆయన సంగతి ఇక్కడితో ఆపుతాను, లేకపోతే నాకిచ్చిన సమయమంతా ఆయనకే సరిపోతుంది.

భయం కూడా ఇలాగే ముడిపడుతుందా? 1920లో అమెరికాలో జాన్ వాట్సన్, రోసలీ రేనర్ అనే ఇద్దరు ఒక పసివాడి మీద ఈ ప్రయోగం చేశారు. తెల్ల ఎలుకను చూపించడం, వాడు దాన్ని ముట్టుకోబోతే వెనక ఇనుప కడ్డీ మీద సుత్తితో ఠంగున కొట్టడం. కొన్నిసార్లకే ఆ బిడ్డ చప్పుడేమీ లేకపోయినా ఎలుకను చూసి ఏడవడం మొదలుపెట్టాడు. కుందేలును చూసినా ఏడ్చాడు. ఆ భయం పోగొట్టకుండానే బిడ్డను పంపించేశారు. ఈ రోజుల్లో అలాంటి ప్రయోగానికి ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకోకూడదు కూడా.

నాకిష్టమైన కథ దీని తర్వాతది. ముడి వేసినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో పెద్దగా కనబడతాయి. అలాంటి ముడిని మరో పిల్లవాడిలో విప్పినావిడ పేరు మేరీ కవర్ జోన్స్. ఆమె తన ప్రయోగాన్ని 1924లో ప్రచురించింది.

ఆమె దగ్గరికి వచ్చిన పిల్లవాడి పేరు పీటర్. రెండేళ్ళ పది నెలలవాడు. ఆరోగ్యంగానే ఉన్నాడు, చురుకైనవాడే. కానీ తెల్ల ఎలుకంటే భయం. కుందేలంటే ఇంకా భయం. బొచ్చు కోటు, ఈక, దూది, వేటిని చూసినా భయమే. చెక్క దిమ్మలతో మాత్రం హాయిగా ఆడుకునేవాడు. చూశారా, భయం ఎక్కడి నుంచి ఎక్కడికి పాకిందో! బొచ్చులా, మెత్తగా ఉన్నదల్లా అనుమానమే.

జోన్స్ పీటర్‌కి నచ్చజెప్పలేదు. 'కుందేలు ఏమీ చెయ్యదు నాన్నా' అని ఉపన్యాసం ఇవ్వలేదు. కుందేలును తెచ్చి వాడి ఒళ్ళో కూడా పడెయ్యలేదు. మొదట కుందేలంటే భయం లేని పిల్లల మధ్య వాణ్ణి ఆడుకోనిచ్చింది. కుందేలు బోనులో ఉంది. మొదట్లో అది గదిలో ఏ మూలన ఉన్నా పీటర్‌కి భయమే. కొన్నాళ్ళకు 12 అడుగుల దూరంలో ఉంటే ఓర్చుకున్నాడు. ఆ తర్వాత 4 అడుగులు. ఆ తర్వాత 3. తర్వాత బోను పక్కనే ఉన్నా సరేనన్నాడు. ఆ పైన కుందేలును గదిలో వదిలేసినా ఊరుకున్నాడు. ఆమె రాసుకున్న మెట్లలో నాకు భలే నచ్చింది ఒకటుంది. ఒక దశలో పీటర్ కుందేలు మీద ఉమ్మాడు, వస్తువులు విసిరాడు, దాన్ని వెక్కిరించాడు. మనమైతే 'తప్పు' అని కసురుతాం. ఆమె దాన్ని కూడా ఒక మెట్టుగా రాసుకుంది. పారిపోయేవాడు ఎదురు తిరిగాడంటే ముందుకు వచ్చినట్టే కదా!

ఇంతలో పీటర్‌కి జ్వరం వచ్చింది, స్కార్లెట్ ఫీవర్. రెండు నెలల పాటు ఆసుపత్రిలో ఉన్నాడు. తిరిగి వస్తూ నర్సుతో టాక్సీ ఎక్కుతుంటే పెద్ద కుక్క ఒకటి మీదికి ఎగిరింది. నర్సు కూడా హడలిపోయింది. అంతే, వాడి పాత భయం మొత్తం తిరిగొచ్చేసింది.

ఈసారి జోన్స్ కొత్త ఉపాయం చేసింది. పీటర్‌ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి వాడికి ఇష్టమైనది తినడానికి ఇచ్చింది. వాడు తింటూ ఉండగా, తిండి ఆపనంత దూరం వరకే బోనును జరిపింది. తిండి ఆపనంత దూరం. ఈ మాట మళ్ళీ చెబుతున్నాను, ఎందుకంటే కిటుకంతా ఇక్కడే ఉంది. తినడం సాగుతోందంటే ఒళ్ళు నెమ్మదిగా ఉన్నట్టు. ఆ నెమ్మదికీ కుందేలుకూ కొత్త ముడి పడుతుంది. తొందరపడి బోనును మరీ దగ్గరికి తెస్తే? అప్పుడు ముడి తిరగబడుతుంది. కుందేలు మీది భయం పోవడం అటుంచి, తిండి మీద కూడా భయం పుట్టవచ్చు. ఆమె ఈ ప్రమాదాన్ని ముందే గ్రహించి హెచ్చరించింది.

చివరికి పీటర్ కుందేలును ప్రేమగా నిమిరాడు. దాన్ని తన వేళ్ళు కొరకనిచ్చాడు. దూది మీద, ఈకల మీద, బొచ్చు కోటు మీద ఉన్న భయం కూడా దానంతటదే పోయింది. వాటి జోలికి ఎవరూ వెళ్ళలేదు, గమనించండి. ఆ తర్వాత ఒకరోజు వానపాముల ముద్దను చూపిస్తే, మొదట కాస్త జంకినా, తర్వాత దాన్ని చేత్తో మోశాడట. వానపాములంటే నాకే ఒళ్ళు జలదరిస్తుంది!

ఇక ఇంట్లో మన పని. పిల్లలు దేనికైనా భయపడినప్పుడు మనం సాధారణంగా రెండే చేస్తాం. అయితే బలవంతంగా దగ్గరికి లాక్కెళతాం, లేదా ఏడుపు మొదలవగానే ఎత్తుకుని దూరంగా తీసుకుపోతాం. మొదటిది చాలాసార్లు భయాన్ని పెంచుతుంది. రెండోది ప్రేమతో చేసేదే, కానీ దాంట్లో ఒక చిక్కుంది. పారిపోగానే ఎంత హాయిగా ఉంటుందో బిడ్డకు అప్పుడే తెలుస్తుంది. ఆ హాయి పారిపోవడాన్నే నేర్పుతుంది. పైగా అక్కడే ఉంటే ఏమీ జరగదని తెలుసుకునే అవకాశమూ పోతుంది.

ఈ రెండింటికీ మధ్య దారి, దూరం. బిడ్డ ఆట ఆపనంత, తిండి ఆపనంత దూరం ఎంతో చూసుకోండి. 12 అడుగులు కావచ్చు, వీధి అవతల కావచ్చు. అక్కడి నుంచి మొదలుపెట్టండి. చూపు బిడ్డ ముఖం మీద పెట్టండి, భయపెట్టే వస్తువు మీద కాదు. ముఖం బిగుసుకుందా, ఒక అడుగు వెనక్కి. తేలికపడిందా, మరో అడుగు ముందుకు. భయం లేని పిల్లలు పక్కన ఆడుతూ ఉంటే ఇంకా మంచిది. ఏ రోజైనా పీటర్‌కి కుక్క ఎదురైనట్టు ఏదో ఒకటి జరిగి భయం మళ్ళీ తిరగబెడితే, 'ఇన్నాళ్ళ శ్రమ వృథా' అనుకోకండి, బిడ్డ ముందు అసలే అనకండి. మళ్ళీ దూరం పెంచి, బిడ్డ నెమ్మదిగా ఉండగలిగే చోటు నుంచి మొదలుపెట్టండి. భయం వల్ల నిద్రపట్టకపోతే, బడికి వెళ్ళలేకపోతే మాత్రం ఇంట్లో ప్రయోగాలు వద్దు, మానసిక నిపుణులకు చూపించండి. వాళ్ళూ చాలావరకు ఇలా మెట్టు మెట్టుగానే నడిపిస్తారు, కాకపోతే దూరం ఎంత ఉండాలో మనకంటే బాగా చూడగలరు.

సెలవు.