క్వార్ట్‌జైట్ వంటగట్టు: రెండేళ్లు వాడాక నా రివ్యూ

నమస్తే అండీ. ముందు ఈ మచ్చ చూడండి, కెమెరా కాస్త దగ్గరికి తెస్తాను. స్టవ్ పక్కన, గుండ్రంగా, సరిగ్గా జాడీ అడుగంత. తడి ఆరనట్టు కనిపిస్తోంది కదా? తడి కాదు, నువ్వుల నూనె. ఆవకాయ పెట్టిన మూడో రోజు తిరగ కలిపినప్పుడు జాడీ అంచు నుంచి కారింది, ఎవరం చూసుకోలేదు. పొద్దున అత్తయ్య జాడీ ఎత్తి, "ఏమ్మా, ఇంత ఖరీదు పెట్టిన రాయి నూనె తాగుతుందా?" అన్నారు. తాగుతుందండీ. ఈ వీడియో అందుకే.

షాపులో నాకు మూడు మాటలు చెప్పారు: గీత పడదు, వేడికి ఏమీ కాదు, మరక పట్టదు. రెండేళ్లు వాడాక చెబుతున్నాను. మొదటిది నిజం. రెండోది సగం నిజం. మూడోది మీరే చూశారు.

అసలు పేరు దగ్గరే సగం మంది బోల్తా పడతారు. క్వార్ట్జ్ వేరు, క్వార్ట్‌జైట్ వేరు. క్వార్ట్జ్ పేరుతో అమ్మే బండ ఫ్యాక్టరీలో తయారవుతుంది, రాతిపొడిని రెజిన్ అనే జిగురుతో కలిపి అచ్చు పోస్తారు. క్వార్ట్‌జైట్ మాత్రం భూమిలో పుట్టిన రాయి. ఇసుకరాయి లోతున వేడికి, ఒత్తిడికి గురై, రేణువులన్నీ ఒకదానిలో ఒకటి బిగుసుకుపోతే ఇదవుతుంది. తిరుమలలో శిలాతోరణం చూశారు కదా, అదీ ఈ జాతి రాయే. నా బండ మాత్రం బ్రెజిల్‌ది, దాని పేరేమో తాజ్ మహల్! ఆగ్రాలో అసలు తాజ్ మహల్ కట్టింది మక్రానా పాలరాయితో. ఎవరు పెట్టారో గానీ పేరు.

పేరు నమ్మి కొనకండి అని ఎందుకంటున్నానంటే, నేను మొదట వెళ్లిన షాపులో క్వార్ట్‌జైట్ అని చూపించిన ముక్క ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. దాని మీద నిమ్మచెక్క రుద్ది పది నిమిషాలు వదిలేశాను. కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే, రుద్దిన చోట పాలిష్ పోయి మసకగా ఉంది. అంటే అది పాలరాయి జాతి. పాత ఇళ్లలో కడప బండ మీద చింతపండు పులుసు ఒలికితే మరక పడేది, గుర్తుందా? అదే జబ్బు. అసలైన క్వార్ట్‌జైట్‌ను నిమ్మకాయ ఏమీ చేయలేదు. ఇంకో పరీక్ష: ముక్క అంచుతో పాత గాజు సీసా మీద గట్టిగా గీయండి. గాజు మీద లోతుగా గీత పడాలి. రెండూ నెగ్గితేనే అడ్వాన్స్ ఇవ్వండి.

గీతల సంగతి త్వరగా చెప్పేస్తాను. రాళ్ల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద ఇది దాదాపు 7, పాలరాయి 3. కత్తి నేరుగా బండ మీద పెట్టి తరిగితే మొద్దుబారేది కత్తే. చెక్క వాడుకోండి.

వేడి విషయంలో ధైర్యం మరీ ఎక్కువ వద్దు. కుక్కర్ దించితే కాలిపోదు, కానీ ఒకే చోట ఒక్కసారిగా వేడి తగిలితే సహజంగా ఉన్న చార వెంబడి చీలిక రావచ్చు. సింక్ కోసం కోసిన మూలల్లో ఆ భయం ఇంకా ఎక్కువ. నేను కుదురు మీదే పెడుతున్నాను.

ఇక మరకలు. రాయి ఎంత గట్టిదైనా సన్నని రంధ్రాలుంటాయి. గట్టిదనం వేరు, పీల్చుకోవడం వేరు. ఈ ఒక్క మాట షాపులో ఎవరూ చెప్పలేదు నాకు. అందుకే సీలర్, అంటే ఆ రంధ్రాల్లోకి నూనె, నీళ్లు దిగకుండా ఆపే పూత, వేయించాలి, మళ్లీ మళ్లీ వేయించాలి. ఎప్పుడంటే? బండ మీద నాలుగు చుక్కల నీళ్లు పోసి పావుగంట ఆగండి. చుక్కలు ముత్యాల్లా నిలిస్తే పర్వాలేదు. కింద రాయి నల్లబడితే సీలర్ అయిపోయినట్టే. నేను స్టవ్ పక్కన ఈ పరీక్ష చేయలేదు, సింక్ దగ్గరే చేసి ఊరుకున్నాను. తప్పు నాదే.

పసుపు పడితే వెంటనే తుడిచేయండి. ఆలస్యమైతే సబ్బు పట్టించి కంగారు పడకండి, పసుపు మరక ఎర్రబడుతుంది. పారాణికి పసుపులో సున్నం కలిపినప్పుడు జరిగేదే అది. ఎండ తగిలే చోటైతే లేత మరక మెల్లగా వెలిసిపోతుంది.

రోజూ తుడవడానికి మెత్తని గుడ్డ, గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క గిన్నెల లిక్విడ్ చాలు. బాత్రూమ్ యాసిడ్ ఈ గది దరిదాపులకు రానివ్వకండి. ముఖ్యంగా తుప్పు వదిలించే కొన్ని ద్రావకాల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, అది ఈ రాయిని కూడా తినేస్తుంది. ఇంకో మాట, బండ కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయమని పట్టుబట్టండి. పొడిగా కోస్తే లేచే సిలికా దుమ్ము కోసే మనిషి ఊపిరితిత్తులను పాడు చేస్తుంది.

మళ్లీ కొంటానా? డైనింగ్ వైపు గట్టుకైతే కొంటాను, ఈ తేనెరంగు చారలు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. స్టవ్ పక్కన మాత్రం చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ వేయించుకుంటాను. ధర తక్కువ, నూనె పడినా ఆ నలుపులో కనపడదు.

సరే, మచ్చ సంగతి. ఇందాక చూపించింది నిన్న తీసిన షాట్. తర్వాత వంటసోడాను నీళ్లతో వెన్నలా కలిపి, అర అంగుళం మందంగా పట్టీ వేసి, పైన ప్లాస్టిక్ కవర్ అంటించాను. మా ఆవకాయలో పసుపు వేయం, లేకపోతే సోడాకు ఇదంతా ఎర్రబడేది. ఇరవై నాలుగు గంటలైంది, ఇప్పుడు తీస్తున్నాను. ఎండిన ముద్ద పలకలా లేస్తోంది, అడుగున నూనె జిడ్డు చూడండి, పసుపుపచ్చగా. బండ మీద... ఊఁ. అంచు పోయింది, నడిమధ్య ఇంకా ఉంది. రాత్రికి ఇంకో పట్టీ వేస్తాను.