వైజాగ్‌లో మీ రొయ్యల్ని చంపుతున్నది ఎండ కాదు, మీ బకెట్!

ఆగండాగండి. ఇంట్లో ఆక్వేరియంలో చెర్రీ ష్రింప్, అంటే ఆ బుల్లి ఎర్ర రొయ్యలు పెంచేవాళ్లకే చెప్తున్నా. ట్యాంక్ నీళ్లు చల్లబరిచే మెషీన్, అదే చిల్లర్, కార్ట్‌లో పెట్టేశారా? తీసేయండి. ముందు ఈ వీడియో చూడండి, తర్వాత మీ డబ్బులు మీ ఇష్టం.

ఆ రీల్ మీరందరూ చూసే ఉంటారు. మన ఆక్వేరియం గ్రూపుల్లో కొన్నాళ్లుగా అదే రచ్చ కదా. "వైజాగ్ వేడికి చెర్రీ ష్రింప్ బతకదు, చిల్లర్ లేకపోతే మొక్కలుండే ప్లాంటెడ్ ట్యాంక్ జోలికే పోకండి" అని ఒకాయన ఏసీ గదిలో కూర్చుని తీర్పు ఇచ్చేశాడు. కింద జనం తలకాయలు ఊపేయడం. "అవునన్నా, మావీ మే నెలలో మొత్తం పోయాయి." "నిజం బ్రో, గాజువాకలో అసలు కుదరదు."

ఏటి కుదరదు? ఎందుకు కుదరదు? నేను చెప్తున్నాను, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీ రొయ్యల్ని చంపింది ఎండ కాదు. మీ బకెట్! ఆదివారం పొద్దున్న టిఫిన్ చేసి, లుంగీ ఎగ్గట్టి, పైపు పెట్టి సగం ట్యాంక్ తోడేసి, బాత్రూమ్ కొళాయి కింద నింపి దబ్బున కుమ్మరిస్తారు చూడండి, ఆ బకెట్.

సరే, ముందు ఎండ సంగతి తేల్చేద్దాం. చెర్రీ ష్రింప్, అంటే మన నియోకారిడినా, 28 డిగ్రీల దాకా హాయిగా తిరుగుతుంది. 30 దాటితే దానికి కష్టమే, అందులో వాదన లేదు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది, అదీ ఒక కారణం. కానీ లెక్క చూడండి. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. 30 దగ్గర ఎంత? ఏడున్నర. ఏడున్నర! ఈ పెద్దమనిషి మాట్లాడితే ఏదో సున్నాకి పడిపోయినట్టు మాట్లాడతాడేంటి? భీమవరం వైపు వనామీ, అంటే తినే రొయ్యల చెరువు చేసే రైతుని అడగండి. తెల్లారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే కిందికి పోకుండా చూసుకోవడానికే రాత్రంతా నీళ్లు చిలికే ఏరేటర్లు తిప్పుకుంటాడు పాపం. నడినెత్తిన ఎండ పడే చెరువు అది. అక్కడ చిల్లర్ ఉందా? దేశంలో రొయ్యలంటే ఆంధ్రా, ఆ రొయ్యలు ఓడెక్కేది మన వైజాగ్ పోర్టులో. అలాంటి ఊళ్లో కూర్చుని "ఇక్కడ రొయ్య బతకదు" అంటే వినడానికి సిగ్గుగా లేదూ? వనామీ వేరు, చెర్రీ వేరు, తెలుసు బాబూ. కామెంట్లో పెట్టకండి. వనామీకి మన చెర్రీ కంటే వేడి బాగా పడుతుంది. నేను చెప్పేది నీళ్లు కదిలించడం గురించి. పైన నీటి పొర కదులుతూ ఉంటే, ఫిల్టర్ నుంచి నీళ్లు గలగలా పడుతుంటే, 30 దగ్గర కూడా ఆక్సిజన్‌కి లోటు రాదు.

ఇంకొకటి. హైదరాబాద్ వాళ్ల వీడియోలు చూసి ట్యాంక్ మీద బుల్లి ఫ్యాన్ బిగిస్తారు. వాళ్లకి ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది, నీళ్లు ఆవిరై ట్యాంక్ చల్లబడుతుంది. మనకి ఒంటి మీద చెమటే ఆరదు, ట్యాంకులో నీళ్లేం ఆరతాయి? ఫ్యాన్ ఎంతో కొంత పనిచేస్తుంది, వాళ్లకి చేసినంత చెయ్యదు. ఆ ఎంతో కొంతతో కూడా ఒక తంటా ఉంది, దానికి మళ్లీ వస్తా.

ఇప్పుడు అసలు పాయింట్. మే నెలలోనే ఎందుకు పోతున్నాయి? అందరూ థర్మామీటర్ చూస్తున్నారు. సంపు మూత తీసి చూసినవాడు ఒక్కడూ లేడు!

మన అపార్ట్‌మెంట్లకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? జీవీఎంసీ, అంటే మన కార్పొరేషన్ కొళాయి. రైవాడ, మేఘాద్రి గెడ్డ, తాటిపూడి, ఏలేరు కాలువ, అంతా పైనుంచి వచ్చే రిజర్వాయర్ నీళ్లు. రోజులో కాసేపు వదులుతారు. చాలకపోతే వాచ్‌మన్ బోరు మోటారు వేస్తాడు. అదీ చాలకపోతే ట్యాంకర్. ఈ మూడూ ఒకే సంపులో కలుస్తాయి, అక్కణ్ణుంచి మేడ మీదికి, మేడ మీది నుంచి మీ బకెట్‌లోకి. ఏ రోజు ఏ నీళ్లు ఎంత కలిశాయో ఆ వాచ్‌మన్‌కి కూడా తెలీదు. రిజర్వాయర్ నీళ్లకీ బోరు నీళ్లకీ టీడీఎస్‌లో, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్కలో, చాలా తేడా ఉంటుంది. బీచ్ వైపు బోర్లయితే ఉప్పు కూడా తగులుతుంది. ఎండాకాలం వచ్చేసరికి కొళాయి నీళ్లు తగ్గుతాయి, బోరు వాటా పెరుగుతుంది. అంటే మీరు జనవరిలో పోసిన బకెట్ వేరు, మే నెలలో పోసే బకెట్ వేరు. కొళాయి అదే, బాత్రూమ్ అదే, నీళ్లు మాత్రం వేరే ఊరివి. రొయ్యలు పోతున్నది వేడి పెరిగినందుక్కాదు, నీళ్లు మారినందుకు. నేరం చేసింది బోరు, కేసు పడింది సూర్యుడి మీద!

పైగా ఆ నల్ల ప్లాస్టిక్ ట్యాంకు. మధ్యాహ్నం రెండింటికి మేడ మీది నుంచి వచ్చే నీళ్లలో చెయ్యి పెట్టి చూడండి, చుర్రుమంటుంది. ఆ నీళ్లే తెచ్చి పోస్తారు. పోసి, "వైజాగ్ వేడి బ్రో" అంటారు.

సరే, నీళ్లు మారితే రొయ్యకేంటి? చేపలు బాగానే ఉన్నాయిగా అంటారు. చేప వేరు. రొయ్య గుల్ల విడుస్తుంది. పెరిగినప్పుడల్లా పాత గుల్ల వదిలేసి బయటికి రావాలి, లోపల కొత్త గుల్ల అప్పటికే తయారై ఉండాలి. దానికి నీళ్లలో క్యాల్షియం, మెగ్నీషియం కావాలి. మీరు సగం నీళ్లు ఒక్కసారిగా మార్చేసరికి దాని ఒంట్లో ఉప్పు, నీళ్ల లెక్క తారుమారవుతుంది, సిద్ధం కాకుండానే గుల్ల విడవడానికి దిగుతుంది. బకెట్ పోసిన మర్నాడో ఆ మర్నాడో ట్యాంక్ దగ్గరికెళ్లి కళ్లు పెట్టి చూడండి. తల మీది డిప్పకీ నడుముకీ మధ్య చుట్టూ ఒక తెల్లటి గీత ఉంటుంది. దారం కట్టినట్టు. మామూలుగా రొయ్య మెడ వెనకాల చీలిక చేసుకుని చటుక్కున వెనక్కి గెంతి గుల్లలోంచి బయటపడుతుంది. ఇక్కడ గుల్ల చుట్టూ తెగిపోతుంది. ముందు సగం, వెనక సగం. బయటికి రాలేక పక్కకి ఒరిగిపోయి కాళ్లు మాత్రం ఆడిస్తూ ఉంటుంది. ఆ గీత పడిన రొయ్య ఇక దక్కడం చాలా కష్టం. ఇది ఎండదెబ్బ అంటారా? చెప్పండి!

మధ్యలో ఒక మాట. ట్యాంక్ అడుగున అద్దంలా తెల్లగా, లోపల ఖాళీగా కనిపిస్తే అది చచ్చిన రొయ్య కాదు, వదిలేసిన గుల్ల. తీసి పారేయకండి, అవే తినేస్తాయి. చచ్చిన రొయ్య ఉడకబెట్టినట్టు గులాబీ రంగుకి తిరుగుతుంది. కొందరు గుల్లలు లెక్కపెట్టి "అన్నా, అన్నీ పోయాయి" అని గ్రూపులో సంతాప సభ పెట్టేస్తున్నారు. మొక్కల్లో వెతకండి ముందు!

అసలీ సగం నీళ్లు మార్చాలన్నది ఎవరు నేర్పారు మనకి? అమెరికాలో టామ్ బార్ అని ఒకాయన మొక్కల కోసం ఎస్టిమేటివ్ ఇండెక్స్ అని పద్ధతి పెట్టాడు. ఎరువు లెక్క చూసుకోకుండా ధారాళంగా వెయ్యి, వారానికోసారి సగం నీళ్లు మార్చు, మిగిలిన ఎరువు కొట్టుకుపోతుంది. ధగధగలాడే లైటు, మొక్కలకి కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే సీఓ2 సిలిండర్, ఎర్రెర్రని రొటాలా మొక్కలు ఉన్న ట్యాంకులకి ఆ పద్ధతి బ్రహ్మాండం. మన దగ్గరేముంది? జావా మాస్ అనే నాచు ముద్ద ఒకటి, రెండు అనూబియాస్, పెరట్లో పిచ్చిమొక్కలా పెరిగే హార్న్‌వర్ట్. వీటికి ఎస్టిమేటివ్ ఇండెక్స్ ఎందుకండీ? ఎరువు వేసేది లేదు, నీళ్లు మాత్రం సగం మార్చేస్తాం. కాపీ కొట్టినా సగమే కొట్టాం.

అదే అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ అని ఇంకొకావిడ ఉన్నారు. అడుగున మట్టి, పైన ఇసుక, దట్టంగా మొక్కలు, నీళ్లు మార్చడం చాలా అరుదు. ఆవిడ పద్ధతి వైజాగ్ కోసమే పుట్టిందని నా గట్టి నమ్మకం.

మట్టి అంటే గుర్తొచ్చింది, ఇది చెప్పకుండా ముందుకెళ్లను. ఒక కుర్రాడు భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బల నుంచి ట్యాంక్ అడుగున పరచడానికి సంచి నింపుకొచ్చి "ఫ్రీ సబ్‌స్ట్రేట్ గైస్" అని వీడియో పెట్టాడు. ఒరేయ్ నాయనా! అది జియాలజికల్ సర్వే వాళ్లు గుర్తించిన భూవారసత్వ సంపద. వేల ఏళ్లు పట్టింది ఆ దిబ్బలు అలా నిలబడడానికి. నీ రెండడుగుల గాజు పెట్టెకి తవ్వుకొస్తావా? నర్సరీలో మట్టి దొరకదూ? ఇక బీచ్ ఇసుక బ్యాచ్ ఇంకోటి. ఆ ఇసుకలో ఉప్పుంటుంది, గవ్వల పొడి ఉంటుంది. ఉప్పు కడిగితే పోతుంది, గవ్వల పొడి పోదు. అది నెమ్మదిగా కరిగి నీళ్లని గట్టిపరుస్తూనే ఉంటుంది.

మరో మేధావి వర్గం ఏసీ నీళ్లు పడుతోంది. మన ఉక్కపోతకి ఏసీ పైపు కింద బకెట్ నిండడం ఎంతసేపు, టీడీఎస్ పెడితే దాదాపు సున్నా, ఆహా అనుకుంటారు. చాలా ఏసీల లోపల ఉన్నది రాగి గొట్టాలు. రాగి అంటే రొయ్యకి విషం. చేపల మందు సీసాల మీద కాపర్ అని ఉంటే రొయ్యల ట్యాంక్ దరిదాపుల్లోకి తేకూడదని అందరికీ తెలుసు, రాగి మీద జారిన నీళ్లు మాత్రం పోసేస్తారు!

సిలిండర్ వీరులకి ఒక్క ముక్క. సీఓ2 రాత్రిపూట కట్టేయండి. లైటు ఆరాక మొక్కలు కూడా ఆక్సిజనే పీలుస్తాయి. రాత్రంతా గ్యాస్ వదిలితే తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. రైతు ఏరేటర్ వేసే టైముకి మీరు గ్యాస్ వదులుతున్నారన్నమాట.

ఇప్పుడు ఏం చెయ్యాలి? టీడీఎస్ మీటర్ కొనండి. కొన్ని వందల రూపాయల వస్తువు, చిల్లర్ ధర ముందు ఏ మూలకి? పోసే ముందు బకెట్‌లో ముంచండి, ట్యాంక్‌లో ముంచండి. రెండింటికీ తేడా బాగా ఉంటే ఆ రోజు పొయ్యకండి, అంతే. కొంపలేం మునిగిపోవు. పోసినా వారానికి పదో వంతు చాలు. నీళ్లు ముందు రోజే పట్టి నీడలో పెట్టండి, వేడి దిగుతుంది, క్లోరిన్ పోతుంది. ఆగలేకపోతే షాపులో యాంటీ క్లోరిన్ ఉంటుంది, థయోసల్ఫేట్ అది, చవక. పోసేటప్పుడు మగ్గుతో కాదు, ఎయిర్ పైపు తీసుకుని దానికి ఒక ముడి వేసి, చుక్క చుక్కగా దిగనివ్వండి. కొత్త రొయ్యల్ని షాపు నుంచి తెచ్చినప్పుడు కూడా ఇదే.

ఇందాక ఫ్యాన్ దగ్గర తంటా అన్నాను కదా. ట్యాంక్ నీళ్లు ఆవిరైతే నీళ్లే పోతాయి, లవణాలు అక్కడే మిగులుతాయి. తగ్గిన నీళ్లకి మళ్లీ కొళాయి నీళ్లే పోస్తే లవణాలు వారం వారం పేరుకుంటాయి. కాబట్టి తగ్గింది నింపడానికి లవణాలు తీసేసిన ఆర్వో నీళ్లు, మార్చడానికి కొళాయి నీళ్లు. ఈ ఒక్కటి తిరగేసి చేస్తున్నారు జనం! ట్యాంక్ మొత్తం ఆర్వోతో నింపుతారు, గుల్లకి కావాల్సిన క్యాల్షియం ఉండదు.

లైటు సాయంత్రానికి మార్చుకోండి, మధ్యాహ్నం వేడికి లైటు వేడి తోడవకుండా. కొత్త ట్యాంక్ అయితే ఫిల్టర్‌లో బ్యాక్టీరియా కుదురుకోవడానికి నెలన్నర ఆగండి, ఇది వెయ్యిసార్లు విన్నదే. చేపలంటారా? గప్పీలు పిల్ల రొయ్యల్ని తింటాయి, మాస్ దట్టంగా ఉంటే కొన్ని మిగులుతాయి. ఏంజెల్ అయితే పెద్దవాటిని కూడా వదలదు. దోమల కోసం కాలవల్లో వదిలే గంబూషియాని పట్టుకొచ్చి ట్యాంక్‌లో వేసినవాళ్లున్నారు, వాళ్లకి నేనేం చెప్పలేను. ట్యాంక్ ఎత్తేసేటప్పుడు మాత్రం మిగిలినవాటిని మేఘాద్రి గెడ్డలో పారబోయకండి, అక్కడ గుర్రపుడెక్కతో పడేది చాలు.

ఇవాళ మీ పని ఒకటే. కొళాయి టీడీఎస్ ఎంత, ట్యాంక్ టీడీఎస్ ఎంత, మీది ఏ ఏరియా. మధురవాడ, కంచరపాలెం, ఎంవీపీ, పెందుర్తి, ఎక్కడైనా సరే, కామెంట్‌లో పెట్టండి. వారం తర్వాత అదే కొళాయి మళ్లీ కొలిచి పక్కనే రాయండి. నెంబర్ కదలకపోతే వచ్చి నన్ను తిట్టండి, పిన్ చేస్తా. ఆ రీల్ చేసినాయన కూడా పెట్టొచ్చు. ఆయనది ఏ సంపో మనమూ చూద్దాం.