బల్లకు వీడ్కోలు చెప్పిన గొంతు: మరియా కల్లాస్ ఫ్రెంచ్ నాయికలు

నమస్కారం అండి. ఈరోజు ముందుగా మీకో బల్ల గురించి చెప్పాలి.

ప్యారిస్‌లో ఇరుకు ఇల్లు, అందులో ఒక చిన్న బల్ల. మనోన్ అనే పడుచు పిల్ల దానికి వీడ్కోలు చెబుతోంది. తను ప్రేమించినవాడిని ఆ సాయంత్రమే అతని నాన్న మనుషులు ఎత్తుకుపోతారని ఆమెకు తెలుసు. ఒక్క మాట చెబితే అతను తప్పించుకుంటాడు. కానీ ఒక డబ్బున్నాయన భోగాలు ఆశ చూపాడు, ఈ పిల్ల మనసు అటు మొగ్గింది. ప్రియుడితో అనలేని మాటలు బల్లతో అంటోంది. మా ఇద్దరికీ ఒకటే గ్లాసు, తాగినప్పుడల్లా అందులో ఒకరి పెదవులను ఒకరం వెతుక్కునేవాళ్ళం అంటుంది.

ఇది ఫ్రెంచ్ సంగీతకర్త మాస్నే 1884లో తెచ్చిన ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం, 'మనోన్'లోని పాట. ఇందులో గొంతు గొప్పతనం చూపించుకునే పెద్ద పెద్ద పైస్వరాలేం లేవు. ఒపేరా గాయని మరియా కల్లాస్ దీన్ని 1963లో రికార్డు చేశారు. వినండి, పక్కగదిలో వాళ్ళకి కూడా వినపడకూడదన్నట్టు పాడతారు. చివరి 'అదియూ' (వీడ్కోలు) దగ్గర గొంతు సన్నబడిపోతుంది. ఆ పిల్ల చేసింది మోసమే. అయినా ఆ క్షణంలో ఆమె మీద మనకు కోపం రాదు.

కల్లాస్ న్యూయార్క్‌లో గ్రీకు తల్లిదండ్రులకు 1923లో పుట్టారు. పేరొచ్చింది ఎక్కువగా ఇటాలియన్ ఒపేరాలతో. ఫ్రెంచ్ పాటలతో ఆవిడ చేసిన రెండు ఆల్బమ్‌లు 1961, 1963 నాటివి. రెండింటికీ ఆర్కెస్ట్రా నడిపింది జార్జ్ ప్రెత్ర్.

చూడాలంటే మాత్రం 1962 హాంబర్గ్ కచేరీ వీడియో చూడండి. సెట్టింగ్ లేదు, వేషం లేదు. మాస్నేదే ఇంకో ఒపేరా 'ల సీడ్'లో షిమెన్ పాట పాడతారు. షిమెన్ తండ్రిని చంపింది ఆమె ప్రేమించినవాడే. ఎవరి కోసం ఏడవాలి? కల్లాస్ ఇంకా నోరు తెరవకముందే, ఆర్కెస్ట్రా వాయిస్తుండగానే ముఖం మారిపోతుంది. నేను అక్కడ పాజ్ చేసి మరీ చూశాను. అదే కచేరీలో 'కార్మెన్' ఒపేరా నాయిక పాట వచ్చేసరికి కళ్ళలో కొంటెతనం! 'నేను ప్రేమించానా, జాగ్రత్త' అనే మాటను చాలామంది అరిచి బెదిరిస్తారు. ఈవిడ తేలిగ్గా, నవ్వుతూ అనేస్తారు. నాకు భయమేసింది అందుకే. 1964లో 'కార్మెన్' మొత్తం రికార్డు చేశారు కానీ, స్టేజీ మీద ఆ పాత్ర ఎప్పుడూ వేయలేదు. ఆ లోటు నాకు తీరదు.

లోపాలు చెప్పకపోతే రివ్యూ అవ్వదు. 1963 నాటికి గొంతు అలిసింది. పైస్థాయిలో స్వరం ఊగుతుంది, ఒక్కోసారి గరుకుగా తగులుతుంది. 'ఫౌస్ట్' ఒపేరాలో నగలు చూసి మురిసిపోయే మార్గరీట్ పాటకి ఆ అమాయకత్వం, ఆ మెరుపు కావాలి. అవి సరిగ్గా అందలేదు. ఆ పాట 1963 ఆల్బమ్‌లో వినమని నేను చెప్పను.

కానీ అదే ఆల్బమ్‌లో, మాస్నే ఒపేరా 'వెర్తేర్'లోని ఉత్తరాల పాట వదలకండి. క్రిస్మస్ ముందురోజు. షార్లోట్‌కి వేరే అతనితో పెళ్ళైపోయింది. తనను ప్రేమించే వెర్తేర్‌ని క్రిస్మస్ దాకా రావద్దని తనే పంపించేసింది. ఇప్పుడు ఒంటరిగా కూర్చుని అతని ఉత్తరాలు తీసి చదువుకుంటోంది. మన హరికథలో ఒక్క దాసుగారే ఇద్దరి మాటలూ పలికినట్టు, ఇక్కడ ఒక్క గొంతులో అతను రాసిన మాటలు, ఆమె మనసులో మాటలు రెండూ వినపడాలి. డిసెంబరు ఆకాశం గురించి చదివేటప్పుడు కల్లాస్ గొంతు బరువుగా, దాదాపు ఒకే స్వరం మీద నడుస్తుంది. కిటికీ కింద పిల్లల కేరింతల దగ్గరికి రాగానే తేలికపడుతుంది. ఆ తర్వాత ఆఖరి ఉత్తరం. చెప్పిన రోజుకి నేను రాకపోతే నన్ను నిందించకు, నా కోసం ఏడువు అని రాశాడు. ఈ వాక్యాలు మళ్ళీ చదువుతావు, చదివి వణికిపోతావు అని కూడా రాశాడు. షార్లోట్ ఇప్పుడు చేస్తున్నది అదే కదండీ, మళ్ళీ చదవడం. 'వణికిపోతావు' అనే మాటను మొదట ఉత్తరంలో ఉన్నట్టే చదువుతుంది. మళ్ళీ అనేసరికి, ఆ గొంతే వణుకుతోంది.