ఆ నోటు పుస్తకం విలువ 12 లక్షలు

అందరికీ నమస్కారం. విజయవాడ–హైదరాబాద్ హైవే పక్కనున్న ఊళ్ళో, రోడ్డు ప్రమాదంలో మనిషి పోతే కుటుంబానికి వచ్చే నష్టపరిహారం గురించి మాట్లాడటం నాకూ కష్టమే, ఇక్కడే ఒకరిద్దరి ఇళ్ళలో ఇలాంటిది జరిగిందని సర్పంచ్ గారు ఇందాక చెప్పారు. అయినా మాట్లాడాలి. ఇరవై ఏళ్ళుగా ఈ కేసులే చూస్తున్నాను, చాలా కుటుంబాలు దినాలు పూర్తవ్వకముందే ఇంటి అరుగు మీదే నష్టపోతాయి, కోర్టు సంగతి తర్వాత.

మూడో రోజునే మనుషులు దిగుతారు. లారీ ఓనర్ తరఫున ఒకడు, ‘‘ఖర్చులన్నీ మేమే పెట్టుకుంటాం, ఇక్కడ సంతకం పెట్టమ్మా చాలు’’ అనే బ్రోకర్ ఇంకొకడు. ఏడ్చి ఏడ్చి కూర్చున్న మనిషికి ఏ కాగితం మీద పెడుతున్నామో ఏం తెలుస్తుంది? తెల్ల కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి, వేలిముద్ర కూడా వద్దు.

ఒక మేస్త్రి సంగతి చెప్తాను. 34 ఏళ్ళు, తాపీ పని. బైక్ మీద వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి మిగిలారు. నెలకు 15,000 వచ్చేవి అని ఆమె చెప్పింది. లారీ ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ ఏమడుగుతాడు? ఆధారం ఏది అంటాడు. జీతం స్లిప్పు లేదు, బ్యాంకులో పడింది లేదు, అంతా చేతి డబ్బే. ఆమె రెండోసారి వచ్చినప్పుడు సంచిలోంచి ఒక నోటు పుస్తకం తీసింది. అట్ట సిమెంటు పట్టి గట్టిపడిపోయింది. లోపల తేదీ, ఎవరి ఇల్లు, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ, మధ్యమధ్యలో ‘వాన, పని లేదు’ అని. అందులో పేర్లున్న ఇద్దరు ఇంటి ఓనర్లు వచ్చి సాక్ష్యం కూడా చెప్పారు. జడ్జి గారు 15,000 ఒప్పుకున్నారు.

లెక్క చూడండి. 15,000 అంటే ఏడాదికి 1,80,000. 40 ఏళ్ళలోపు సొంత పని చేసుకునేవాడు కాబట్టి ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలి, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2,52,000 అయింది. ఆధారపడ్డవాళ్ళు నలుగురు, అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. ఆ వయసుకు 16తో గుణిస్తారు, ఇది 2009 నాటి సరళా వర్మ తీర్పు. మొత్తం 30,24,000. అంత్యక్రియల ఖర్చు, భర్త తోడు పోయినందుకు ఇచ్చేవి వేరే. ఆ పుస్తకమే లేకుండా నెల కూలీ 9,000 అని కట్టి ఉంటే 18,14,400. 12 లక్షలు తేడా!

‘‘మా ఆవిడ ఇంట్లోనే ఉండేదండీ, ఆమెకేం వస్తుంది’’ అని ఒకాయన నన్నడిగాడు. నాకు కోపం వచ్చింది, తర్వాత జాలేసింది. వంట, పిల్లలు, పశువులు అన్నీ పనే, ఆ పనికి ఆదాయం లెక్కకట్టాల్సిందే అని సుప్రీంకోర్టు 2021లో కీర్తి కేసులో చెప్పింది.

కాగితాలంటారా, ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, బండి చెక్ చేసిన ఎంవీఐ, అంటే మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్, ఇచ్చే రిపోర్టు, వయసుకు టెన్త్ మెమో, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. కంప్లైంట్ రాసేటప్పుడు ఎవరో చెప్పింది రాయించకండి, బండి నంబర్‌లో ఒక్క అంకె తప్పినా ఏడాది తిప్పుతారు. యాక్సిడెంట్ ఎక్కడో తమిళనాడులో జరిగినా మీరుంటున్న జిల్లా కోర్టులోనే కేసు వేసుకోవచ్చు. గడువు 6 నెలలు అని చట్టంలో ఉంది, 2022 ఏప్రిల్ 1 నుంచి. దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు, అలాగని కూర్చోకండి.

గుద్దిన బండి దొరక్కపోయినా ప్రాణం పోతే 2 లక్షలు వస్తాయి, ఆర్డీఓ ఆఫీసులో అర్జీ పెట్టాలి. ఆర్టీసీ బస్సయితే ఆర్టీసీ మీదే కేసు. డబ్బు వచ్చాక పిల్లల వాటా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయిస్తారు, మధ్యలో తియ్యాలంటే జడ్జి గారి పర్మిషన్ కావాలి. ఆ మేస్త్రి కూతురి ఫీజు కోసం మేం రెండుసార్లు అలా తీశాం.

వెనక ఆ అన్న ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతున్నారు. చెప్పండి అన్నా.