బాక్స్ మీద 3000, లోపల 300: కారులో వూఫర్ పెట్టించే ముందు వైరు సంగతి చూడండి

అందరికీ నమస్కారం. కారుతో కంపెనీ ఇచ్చిన మ్యూజిక్ సెట్టు అలాగే ఉంచి, వెనక ఒక వూఫరూ (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకరు) ఒక యాంపూ (దానికి పవర్ ఇచ్చే యాంప్లిఫయర్) ఎలా పెట్టుకోవాలో ఈ వీడియోలో చెప్తాను. నాకు వచ్చే మెసేజీల్లో సగం ఇదే గోల. "అన్నా, 3000 వాట్స్ యాంప్ పెట్టించా, బేస్ రావడంలేదు, సెట్టు మార్చేయమంటావా?" ఏ వైరు వేయించావయ్యా అని అడిగితే అటునుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు, షాపతను ఏదో వేశాడంట. యాంపుకి వేలకు వేలు పోసినవాళ్లు వైరు దగ్గరికొచ్చేసరికి బేరం మొదలుపెడతారు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

ముందు ఈ 3000 కథ తేల్చేద్దాం. (యాంపును పక్కకి తిప్పి చూపిస్తూ) ఇదిగో, పవర్ వైరు దూర్చే చోటు పక్కనే పచ్చ రంగు ఫ్యూజు ఉంది చూడండి, దాని నెత్తిన 30 అని రాసుంది. అంటే నిలకడగా 30 ఆంపియర్లు. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 వోల్టులు అనుకుంటే 30 ఇంటూ 13.8, 414 వాట్స్. ఇది లోపలికి పోయే కరెంటు మాత్రమే, అందులో కొంత వేడిగా పోతుంది, మంచి క్లాస్ డి యాంప్ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) అయినా బయటికి ఇచ్చేది 300 చిల్లర. మరి ఆ బాక్స్ మీద 3000 ఎక్కడిది? స్టిక్కర్ కొట్టినవాడి ఉత్సాహం, అంతే. నిజంగా 3000 కావాలంటే 200 పైన ఆంపియర్లు లాగాలి, చాలా చిన్న కార్లలో కరెంటు తయారుచేసే ఆల్టర్నేటరే వంద ఆంపియర్ల లోపు ఉంటుంది. కాబట్టి బాక్స్ మీద ఆర్ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్) అని ఎంత రాశారో అది చూడండి, అదీ నమ్మకం లేకపోతే ఫ్యూజు చూడండి.

ఇప్పుడు వైరు. మన నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) చూసే ఉంటారు. రైతు కక్కుర్తిపడి సన్న కేబుల్ లాగాడనుకోండి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్న ఏరేటరు బాగానే తిరుగుతుంది, గుంట అవతలి గట్టున ఉన్నది మాత్రం ఈడ్చుకుంటూ తిరిగి, మోటారు వేడెక్కి, చివరికి వైండింగ్ కాలిపోతుంది. అప్పుడు ఏ రైతైనా ఏరేటర్ కంపెనీని తిడతాడా? కేబుల్ మార్చుకుంటాడు. మరి అదే రైతు కొడుకు కారు డిక్కీలో యాంప్ పెట్టి, ముందు బ్యాటరీ నుంచి ఇంటి ఫ్యాన్ వైరు లాంటిది వెనకదాకా లాగి, యాంప్ చెత్తది అంటాడు!

ఇక్కడ చాలామందికి అందని ముక్క ఒకటుంది. రెండు హెచ్‌పీ ఏరేటర్ అంటే దాదాపు 1500 వాట్స్, అయినా త్రీఫేజ్ కరెంటులో అది లాగేది ఫేజుకి మూడు నాలుగు ఆంపియర్లే. మీ యాంపు నిజంగా 500 వాట్స్ ఇచ్చేదైతే, ఏరేటర్‌లో మూడో వంతు, కానీ లాగేది 45 ఆంపియర్ల దాకా. ఎందుకంటే కారులో ఉన్నది పన్నెండు వోల్టులే. వోల్టులు తగ్గితే అదే పనికి ఆంపియర్లు పెరుగుతాయి, వాటిని మోయాల్సింది వైరు. ఇంట్లో వాడే 1.5 ఎంఎం వైరుని ఐదు మీటర్లు లాగి 30 ఆంపియర్లు పంపితే దాదాపు రెండు వోల్టులు దారిలోనే పోతాయి. ఇంట్లో 230లో రెండు పోతే లెక్కే కాదు, కారులో పన్నెండులో రెండు పోతే యాంపు నీరసపడుతుంది, సౌండు పగులుతుంది, వైరేమో వేడెక్కుతుంది. సీటు కింద, కార్పెట్ కింద వేడెక్కే వైరు అంటే నాకు నిజంగా టెన్షన్.

అందుకని 300 వాట్స్ దాకా 8 గేజ్ (గేజ్ నంబర్ తగ్గేకొద్దీ వైరు లావు), 500 దగ్గరికొస్తే 4 గేజ్, అసలు రాగిది. బజార్లో చవగ్గా దొరికే కిట్లలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత. కొన మీద కత్తితో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అదే. అది కొంటే ఒక సైజు లావు కొనండి. బ్యాటరీకి అడుగున్నర లోపే ఫ్యూజు పెట్టించాలి. గుంట దగ్గర ఫ్యూజులు ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఎందుకుంటాయో ఇక్కడా అందుకే, ఆ ఫ్యూజు కాపాడేది వైరుని, యాంపుని కాదు. వెనక యాంప్ మీద ఉందిగా అన్నా అంటారు, మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే అది ఏం చేస్తుంది?

ఎర్తు, అంటే యాంపు మైనస్‌ని కారు బాడీకి కలిపేది, కూడా అంతే లావు వైరు, మూరెడు లోపు. పెయింటు గీకి రేకు మెరిసేదాకా తెచ్చి బోల్టు బిగించండి, సీటుబెల్టు బోల్టు జోలికి పోవద్దు. స్టార్ట్ స్టాప్ (బండి ఆగినప్పుడు ఇంజను దానంతటదే ఆగి మళ్లీ స్టార్టయ్యేది) ఉన్న కొత్త కార్లలో బ్యాటరీ మైనస్ దగ్గర కరెంటు కొలిచే సెన్సర్ ఉంటుంది, ఎర్తుని నేరుగా ఆ పోల్‌కి తగిలించకుండా బాడీకే ఇవ్వండి.

కంపెనీ సెట్టు వెనక ఆర్‌సీఏ పిన్నులు (యాంపుకి సిగ్నల్ ఇచ్చే గుండ్రటి సాకెట్లు) మామూలుగా ఉండవు. వెనక స్పీకర్ల వైర్ల నుంచి సిగ్నల్ తీసుకోవాలి. యాంప్‌లో హై లెవెల్ ఇన్‌పుట్ (స్పీకర్ వైరునే తీసుకునే చోటు) ఉంటే నేరుగా అందులోకి, లేకపోతే మధ్యలో హై లో కన్వర్టర్ (స్పీకర్ సిగ్నల్‌ని యాంపుకి తగ్గట్టు తగ్గించే చిన్న డబ్బా). కారు వైర్లు కోయనివ్వకండి, మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ దొరుకుతుంది, కోస్తే రేపు వారంటీ దగ్గర మాట పడాల్సి వస్తుంది. కొన్ని సెట్లు వాల్యూమ్ పెంచేకొద్దీ బేస్‌ని అవే తగ్గిస్తాయి, అలాంటప్పుడు ఎంత యాంప్ పెట్టినా సగం వాల్యూమ్‌కే ఊపు పోతుంది, దానికి వేరే ప్రాసెసర్ కావాలి, అది ఇంకో వీడియో.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. పవర్ వైరు ఒక పక్క, సిగ్నల్ వైరు ఇంకో పక్క, కలిపి లాగితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా స్పీకర్లో కూత. రిమోట్ వైరు (యాంపుని ఆన్ ఆఫ్ చేసేది) తాళం తిప్పితేనే కరెంటొచ్చే ఫ్యూజు నుంచి, లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ డౌన్. లో పాస్ (వూఫర్‌కి బేస్ మాత్రమే పోనిచ్చే నాబ్) 80 హెర్ట్జ్ దగ్గర. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు బాబూ, సెట్టు నుంచి వచ్చే సిగ్నల్‌కి యాంపుని సరిపెట్టే నాబ్, సెట్టుని ముప్పావు వాల్యూమ్‌లో ఉంచి, సౌండు పగిలేదాకా గెయిన్ తిప్పి, కాస్త వెనక్కి తేవాలి. బేస్ బూస్ట్ సున్నా. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్నవాళ్లు సీటు కింద పెట్టే ఎనిమిది అంగుళాల వూఫర్ తీసుకోండి, యాంప్ అందులోనే ఉంటుంది, వైరు మాత్రం గ్యాస్ పైపుకి దూరంగా. అన్నీ అయ్యాక నంబర్ ప్లేటు గడగడలాడితే వూఫర్‌ని తిట్టకుండా ప్లేటు వెనక నాలుగు ఫోమ్ ముక్కలు అంటించండి.